ఆ బెజ్జంలో గీత తిన్నది నేనే

మా అన్న పోయి పదిహేను రోజులైంది. అన్న చెయ్యని తప్పొకటి అన్న పేరు మీదే మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా వడ్రంగి కొట్టంలో, నాయన వేపకొయ్య మీద పెన్సిలుతో గీతలు గీసి మా ఇద్దరి మధ్యకు దొర్లించేవాడు. ద్వారబంధపు నిలువుకొయ్యకు బెజ్జం తొలవాలి. అడ్డకొయ్య కొనన చెక్కిన కుసె అందులో దిగాలి. మేకు లేదు, జిగురు లేదు... బిగువే ఆధారం.

ఒక పక్క నుంచే తొలిస్తే అవతలి అంచు పెచ్చు లేస్తుంది. అందుకని చెరిసగం. గోడవైపు అన్నది, లోపలివైపు నాది. అన్నది ముప్పావు అంగుళం ఉలి, నాది అరంగుళం.

నాయన నియమం ఒక్కటే. తొలిచాక గీత కనిపిస్తూ ఉండాలి. గీతను తినేసిన చేతికి ఉలి ఉండదు.

ఆ రోజు ఒక టీచరమ్మ ఇంటి వాకిలికి తొలుస్తున్నాం. నాయన టీ తాగడానికి వెళ్లాడు. అన్న కంటే ముందే ముగించాలని నాకు తొందర...

“ఏమప్పా మేస్త్రీ, బెజ్జం తొలుస్తాండావా, బాయి తవ్వుతాండావా?” అని అన్న నవ్వాడు.

ఉడుక్కుని ఇంకో దెబ్బ వేశాను. గీత పోయింది.

నాయన వచ్చి కుసెను బెజ్జంలో పెట్టాడు. కొయ్యసుత్తితో కొడితే గాని దిగకూడనిది, చేత్తో తోస్తేనే దిగిపోయింది.

“ఎవడ్రా గీత తినింది?”

నేను వంగి కొయ్యపొట్టు ఊడవసాగాను.

“నేనే నాయనా. వానికి చేతకాకుంటే రెండు పక్కలా నేనే తొలిచినా” అన్నాడు అన్న.

నాయన అన్న చేతిలోని ఉలి తీసుకున్నాడు. “నీకీ పని వద్దు. రేప్పొద్దున బండల మిషను కాడికి పో.”

అంతే... అన్న బతుకంతా బండలు కోశాడు. చివరికి రాతిదుమ్ము ఊపిరి ఆడనివ్వలేదు. ఇద్దరిలో మంచి చెయ్యి అన్నది. ఈ మాట తమ్ముడిగా కాదు, నంద్యాలలో ఇన్నేళ్లు వడ్రంగం నేర్పినవాడిగా చెబుతున్నాను.

నిన్న టీచరమ్మ ఇల్లు కూలుస్తూ, ఆ ద్వారబంధం విప్పడానికి నన్నే పిలిచారు. కుసె బయటికి లాగాను. లోపలివైపు సందులో అట్టమందాన ఒక వేపపలక... వదులు పూడ్చడానికి నాయన దూర్చిందే. దాన్ని తీస్తే, కింద నా అరంగుళం ఉలి గాట్లు. గోడవైపున మాత్రం అన్న వదిలిన గీత అలాగే ఉంది.

ఆ పలకను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు మిషనుతో నిమిషంలో తొలుస్తున్నారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవలసిన పనే లేదు...

మీ తప్పును తన నెత్తిన వేసుకున్న అన్నో అక్కో ఉంటే, ఇవాళే వెళ్లి ఆ మాట ఎత్తండి. వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి. నేను అన్న దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. తప్పు నాదేనని నాయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు.

ఆ పలక దూర్చేటప్పుడు నా ఉలి గాట్లు నాయన కంట పడే ఉంటాయి. ఎవరివో తెలిసే అన్నను పంపాడా, పంపాక తెలిసిందా... నాకు తెలియదు.