లింగయ్యకు పెట్టిన పళ్లెం

2008 ఎండాకాలం. బహ్రెయిన్‌లో రిఫా ఊరి చివర ఒక ప్రైవేటు కాలేజీ ఉండేది. దాని ఆటల మైదానానికి నేను గ్రౌండ్స్‌మన్‌ను. గడ్డికి నీళ్లు పెట్టడం, సున్నంతో గీతలు గీయడం, ఇసుక దువ్వడం నా పని. మా ఊరివాళ్లకు గల్ఫంతా దుబాయే. ఫోన్ చేసి "దుబాయిల ఏం పనే మల్లన్నా?" అని అడిగితే "ఇసుక దువ్వుడు" అనేవాణ్ని. ఎడారిలో ఇసుక దువ్వినందుకు జీతమిస్తారా అని నవ్వేవాళ్లు. ఇచ్చేవాళ్లు. ఆ ఇసుకలో దూకినవాడికి మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతే చెబుతున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అందంగా తిప్పి రాయడం చేతకాదు.

లాంగ్ జంప్‌కు ఇసుక నింపిన గుంట ఉంటుంది. దాన్ని పిట్ అంటారు. ఆటగాడు పరుగెత్తి వచ్చే దారి రన్‌వే. పిట్‌ను రోజూ రేక్‌తో దువ్వాలి. రేక్ అంటే పొడుగు కర్రకు ఇనుప పళ్లున్న చిన్న దంతె అనుకోండి. దువ్వకుండా వదిలేస్తే అక్కడి సముద్రపు తేమకు ఇసుక పెచ్చు కడుతుంది, దూకినవాడి మోకాలు పోతుంది. నేను రన్‌వే వైపు నుంచి ఆ చివరి దాకా నిలువుగా దువ్వేవాణ్ని. సేద్యం చేసిన చెయ్యి, చాళ్లు వంకర పోవు.

జూలైలో కాలేజీకి తాళం పడింది. పిల్లలు వెళ్లిపోయారు, మెస్ మూశారు. గేటు దగ్గర ఒక కాపలా మనిషి, లోపల నేను. నీళ్ల మోటార్లు చూడటానికి అప్పుడప్పుడు ప్రసాదు వచ్చేవాడు. ప్రసాదు అమలాపురం దగ్గరివాడు, కాలేజీ ఎలక్ట్రీషియన్, కూలీలుండే క్యాంపులో నా రూమ్మేటు. శుక్రవారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ ప్రార్థనకు వెళ్లేవాడు. అక్కడి పాటల పుస్తకం తెచ్చి నాకు అక్షరాలు దిద్దించింది అతనే.

ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయకూడదని అక్కడ రూలు. ఆ వేళలో గ్యాలరీ నీడలో పడుకునేవాణ్ని. గాలి కదలదు. మైదానం తెల్లగా మండుతూ, నీళ్ల అడుగున ఉన్నట్టు ఊగుతూ కనిపిస్తుంది. పక్షి ఉండదు. మా దిక్కున మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరగొద్దంటారు. ఎందుకంటారో ఆ మైదానంలో తెలిసింది.

ఒకరోజు నిద్ర లేచి పిట్ దగ్గరికి వెళ్తే పొద్దున నేను నిలువుగా దువ్విన చాళ్లు లేవు. అడ్డంగా ఉన్నాయి. ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఎవరో శ్రద్ధగా దువ్వినట్టు. చుట్టూ అడుగు జాడ లేదు. రేక్ నేను పెట్టిన గోడకే ఆనించి ఉంది. మళ్లీ నిలువుగా దువ్వాను. మర్నాడు మధ్యాహ్నం తర్వాత మళ్లీ అడ్డం.

రేక్ ముట్టుకోకుండా వెనక్కి జరిగాను. ఎందుకంటే అడ్డంగా దువ్వే మనిషి ఒకడు నాకు తెలుసు. లింగయ్య. మా పక్క మండలం వాడు. ఆ మైదానం కట్టినప్పుడు మేమిద్దరం కూలీలం. ఆ గుంట తవ్వింది, ఇసుక పోసింది మేమే. నేను నిలువుగా లాగితే, "అడ్డం దువ్వితేనే ఇసుక నిలుస్తదే అన్నా, నీకేం తెల్సు" అని వెక్కిరించేవాడు. ఒక మధ్యాహ్నం తట్ట దించి, "జర కూసుంట అన్నా" అని గుంట అంచున కూర్చున్నాడు. ఇక లేవలేదు. మేం గొడవ చేస్తే కంపెనీ మనిషి వచ్చి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "రూమ్ ఇచ్చాం, తిండి పెట్టాం, శవానికి టికెట్ కూడా కొన్నాం. ఇంకేం కావాలి?"

ప్రసాదుకు చెప్పాను.

"గాలికి అలా అయ్యుంటుంది బాబాయ్," అన్నాడు.

"గాలికి పండ్లుంటయా ప్రసాదూ? సాళ్లు కొట్టినట్టున్నయి."

"పోనీ ప్రార్థన చేయమంటారా?"

"నీ ప్రార్థన నువ్వు చెయ్యి. ఆయన తిండి మనిషి. నేను బువ్వ పెడ్త."

అమావాస్య నాడు స్టీలు పళ్లెంలో అన్నం, పప్పు, గుడ్డు కూర, లింగయ్య కొరుక్కుతినే పచ్చిమిరపకాయలు పెట్టాను. పక్కన చెంబుతో నీళ్లు. పిట్ అంచున, ఆయన కూర్చున్న చోటే ఉంచి, "తిను లింగన్నా" అని చెప్పి వచ్చేశాను. చనిపోయినవాళ్లకు పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. మా దగ్గరైతే కాకి వచ్చి ముడుతుంది. ముడితే పెద్దలు తిన్నట్టు. అక్కడ కాకి ఎక్కడిది?

మూడింటప్పుడు వచ్చే అసర్ నమాజు పిలుపు వినబడ్డాక వెళ్లి చూశాను. పళ్లెం ఖాళీ. కడిగి బోర్లించి ఉంది.

"దయ్యాలు అంట్లు కూడా తోముతాయా బాబాయ్?" అని ప్రసాదు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"మా దిక్కు దయ్యాలు మర్యాదస్తులు," అన్నాను.

రోజూ పెట్టడం మొదలుపెట్టాను. రోజూ పళ్లెం కడిగి బోర్లించి ఉండేది. ఒక్కటి మాత్రం నన్ను తొలిచింది. మిరపకాయలన్నీ ముట్టకుండా, గుంట అంచున వరసగా పేర్చి ఉండేవి. లింగయ్య మిరపకాయ వదిలేయడమా? అన్నం వదిలినా మిరపకాయ వదిలే మనిషి కాదు. తినేది లింగయ్య కాకపోతే మరెవరు? ఒకరోజు పళ్లెం పెట్టి గోడ చాటుకు వెళ్లి, కాసేపు ఆగి, చేయకూడని పని చేశాను. వెనక్కి తిరిగాను.

కాలేజీ గేటు దగ్గర పెద్ద బోర్డు ఒకటి ఉండేది. దాని మీద ఒక ఆటగాడు గాలిలో దూకుతున్న బొమ్మ. నల్లటి మొహం, తెల్లటి పళ్లు, కాళ్లు రెండూ ముందుకు చాచి, కింద నేల లేకుండా. ఈ కాలేజీలో చేరండి అని పిలుపు. ఆ మొహం మంచమంత ఉండేది. దుమ్ము పడితే నిచ్చెన వేసి తుడిచేది నేనే. ఆ కళ్లూ ముక్కూ నా చేతులకు తెలుసు.

ఆ బొమ్మ నేల మీద కూర్చుని పప్పన్నం తింటోంది.

చెంపలు లోపలికి పోయాయి. మెడ ఎముకలు తేలాయి. కానీ అదే మొహం. నన్ను చూసి అతను ముద్ద చేతిలోనే ఆపేశాడు.

"అరవకు చాచా," అన్నాడు చివరికి. "కోచ్‌కు తెలిస్తే నన్ను పంపించేస్తారు."

అతను పిట్‌లో దూకడం దూరం నుంచి చూసేవాణ్ని, పేరు మాత్రం అప్పుడే తెలిసింది, ఒకెల్లో. ఉగాండా నుంచి వచ్చిన విద్యార్థి. అతనికి నాలుగు హిందీ ముక్కలు వచ్చు, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. అతను చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. దూకుతాడు కాబట్టి కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. అంటే ఫీజు లేదు, హాస్టల్లో మంచం, మెస్‌లో తిండి. కానీ కాలేజీ తెరిచి ఉన్నన్నాళ్లే. సెలవుల్లో వెళ్లిపోవాలి. విమానం టికెట్ అందులో లేదు. చదువు వీసా మీద పని చేయకూడదు. ఆట పేరు మీద ఎవరి దగ్గరా డబ్బు గానీ, వస్తువు గానీ తీసుకోకూడదని సంతకం కూడా పెట్టాడు. తీసుకుంటే టీములోంచి తీసేస్తారు, దాంతో చదువూ పోతుంది. స్నేహితుడి ఇంట్లో ఉంటానని కోచ్‌కు చెప్పాడు. ఆ స్నేహితుడు తన దేశం వెళ్లిపోయాడు. అప్పటి నుంచి గ్యాలరీ కింద హర్డిల్స్ పెట్టే స్టోరులో దాక్కుని ఉన్నాడు.

ఉన్నట్టుండి పళ్లెం పక్కకు జరిపాడు. "ఇన్నాళ్లూ ఎవరో దేవుడికి పెడుతున్నారనుకున్నాను. నాకు పెడితే మాత్రం తినకూడదు చాచా. సంతకం పెట్టాను."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "నీకెవడు పెట్టిండ్రా? ఇది లింగయ్యది. సచ్చిపోయినోనికి పెట్టింది మా దగ్గర కాకి తింటది. కాకికి సంతకం లేదు, స్కాలర్‌షిప్ లేదు. తిను."

అర్థమైందో లేదో. "నేను కాకినా?" అన్నాడు.

"పెద్ద కాకివి. తిను."

తిన్నాడు. తింటుంటే మందలించాను. "కడుపుల ఏం లేకుంట గా ఇసుకల దుంకుడు ఎందుకురా? పైనుంచి నన్ను పరేషాన్ చెయ్య ఆ అడ్డం సాళ్లెందుకు?"

అతను తల ఎత్తాడు. "నేను దూకలేదు చాచా. ఓపిక ఎక్కడుంది? పిట్ రోజూ నువ్వే కదా దువ్వుతున్నావు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి."

"మధ్యాహ్నం నేను పంటుంటి."

ఇద్దరం పిట్ వైపు చూశాం. చాళ్లు అడ్డంగా ఉన్నాయి. ఒకెల్లో పళ్లెం ఎత్తుకుని నా పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఎన్నడూ ఆ గుంటకు వీపు పెట్టి కూర్చోలేదు.

కాలేజీ తెరిచే ముందు ఒక మధ్యాహ్నం కోచ్ సారు వచ్చాడు. ఈజిప్టు మనిషి, మంచివాడే. నన్ను ఎప్పుడూ 'భాయ్' అనేవాడు. వెంట ఫొటోగ్రాఫర్. గేటు బోర్డుకు కొత్త బొమ్మ కావాలట. ఒకెల్లోకు ఫోన్ చేసి పిలిచాడు. వాడు వెనక గోడ దాటి, రోడ్డు మీది నుంచి వస్తున్నట్టు చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చాడు. నేను అందరి ముందూ పిట్‌ను నిలువుగా దువ్వాను. ఒకెల్లో పరుగెత్తి దూకాడు. రోజుకు ఒక్క పళ్లెం తిండితో ఇసుక దాకా సరిగా అందలేదు.

"ఏమిటిది? సెలవుల్లో తిని పడుకున్నావా?" అని కోచ్ అరిచాడు. "ఇలా అయితే స్కాలర్‌షిప్ ఆపమని నేనే రాస్తాను."

ఒకెల్లో తల దించుకున్నాడు. నేను మళ్లీ పిట్‌ను నిలువుగా దువ్వి, రేక్ గోడకు ఆనించి వచ్చాను. ఇక ఆగలేకపోయాను.

"సార్, తిని పడుకోలేదు. తినక పడుకున్నడు," అన్నాను. స్టోరు సంగతి చెప్పేశాను. ఒకెల్లో నా వైపు చూసిన చూపు ఏ పగవాడికీ వద్దు.

కోచ్ మొహం మారింది. తర్వాత, "భాయ్, ఫీజు మేమే కడుతున్నాం. రూమ్ ఇచ్చాం, తిండి పెట్టాం. ఇంకేం కావాలి?" అన్నాడు.

"నాకూ నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ రూమ్ ఇస్తడు, ఖుబూస్ రొట్టె పెడ్తడు. పైన జీతం ఇస్తడు. ఇసుక దువ్వినోనికి జీతం ఉండంగ, దుంకినోనికి ఎందుకు లేదు? గేటు కాడ బొమ్మ నాది పెట్టిండ్రా?"

"జీతమిస్తే వాడు విద్యార్థి కాడు, కూలీ అవుతాడు. పోటీల్లో నిలబడనివ్వరు. దూకేవాడికిస్తే ఈత కొట్టేవాడు అడుగుతాడు. డబ్బు చూసి పుస్తకం మూసేస్తారు. చదువు కంటే పెద్ద జీతం ఏముంది?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. చదువు విలువ నాకు తెలియనిది కాదు. కానీ చెప్పాను. "చదువు రేపటి బువ్వ సార్. కడుపు ఇయ్యాల్టిది. ఇంతకుముందు గీ గుంట కాడనే ఒక మనిషి గురించి గిదే మాట అన్నరు. రూమ్ ఇచ్చినం, తిండి పెట్టినం, ఇంకేం కావాలె అని. ఆయన గిక్కడనే కూసుండె."

వేలు పెట్టి చూపించాను. చూపించిన చోటుకు ముగ్గురి కళ్లూ తిరిగాయి.

ఇసుకలో చాళ్లు అడ్డంగా ఉన్నాయి.

కోచ్ నేను దువ్వడం తన కళ్లతో చూశాడు. ఆ గుంట దగ్గరికి ఎవరూ వెళ్లలేదనీ తెలుసు. ఫొటోగ్రాఫర్ సామాన్ సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒకెల్లో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కోచ్ పెదాలు కదిలాయి, ఏదో ప్రార్థన చదువుకున్నాడు. జేబులోంచి మెస్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఖలాస్. ఈ రోజు నుంచి ఆటగాళ్లకు సెలవుల్లోనూ మెస్ ఉంటుంది. నేను చూసుకుంటాను. ఎవరికీ ఏమీ రాయను." రెండడుగులు వేసి ఆగాడు. "జీతం మాత్రం నా చేతిలో లేదు భాయ్."

మాట నిలబెట్టుకున్నాడు. ఒకెల్లో తేరుకున్నాడు, దూకాడు, కప్పులు తెచ్చాడు. ఆ కప్పులు అద్దాల బీరువాలోకి వెళ్లాయి. వాడి చేతికి చెప్పుల ఖర్చు కూడా రాలేదు. ఏడాది తిరిగాక చదువు మధ్యలో వదిలేసి, వీసా మార్చుకుని, ముహర్రక్‌లో విమానాశ్రయం దగ్గర సామాన్ ఎత్తే పనిలో చేరాడు.

"చదువు పాడు చేసుకుంటివి కదరా," అన్నాను.

"ఇంటి దగ్గర అమ్మకు పంపాలి చాచా. పెట్టె ఎత్తితే డబ్బులిస్తారు. దూకితే చప్పట్లు కొడతారు."

కొత్త ఫొటో ఎలాగూ రాలేదు కాబట్టి పాత బోర్డే ఉంచారు. వాడు వెళ్లిపోయాక కూడా నేను నిచ్చెన వేసి తుడిచేవాణ్ని. అక్కడి ఎండకు ముందు కళ్లు చెరిగాయి, తర్వాత నోరు. చివరికి మొహం లేని మనిషి ఒకడు గాలిలో మిగిలాడు, కాలేజీలో చేరండి అని పిలుస్తూ.

అన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. తిండి పెట్టేది మనిషి బతకడానికి. జీతం ఇచ్చేది వాడు చేసిన పనికి. మొదటిది పెట్టి రెండోది కూడా ఇచ్చేశామనుకునేవాళ్లు బతికినవాడికీ బాకీనే, చచ్చినవాడికీ బాకీనే.

ఒకెల్లో వెళ్లిన తర్వాత వచ్చిన అమావాస్యకు మళ్లీ పళ్లెం పెట్టాను. ఈసారి వెనక్కి చూడలేదు. అసర్ పిలుపు విన్నాక వెళ్లాను. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. పప్పు పైన ఎండకు పొర కట్టింది. మిరపకాయలు మాత్రం ఒక్కటీ లేవు.