మా ఊరి పేరు లేని వ్యాసం

డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున ఫోనొచ్చినప్పుడు నాయన గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. ఒక గొర్రె ఈనుతోంది, వదిలి రాలేడు. విషయం చెబితే తల వంచుకుని మళ్లీ గొర్రె వైపు తిరిగాడు.

అంటురోగాలు మనిషి నరాలను ఎలా దెబ్బతీస్తాయో ఆమె జీవితమంతా పరిశోధించింది. ఆ వ్యాసాలను ఎక్కడెక్కడి వైద్యులో చదువుతారట. మాకు తెలిసిన డాక్టరమ్మ మాత్రం కదిరి మనిషి, సంచీలో ఎప్పుడూ బొరుగులుండేవి. పచ్చిపాలు తాగేవాడు కనబడితే చిన్నా పెద్దా చూడకుండా తిట్టేది.

నాయనకు సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా చెమట, చివరికి కాళ్లు పడిపోయాయి. వేరేచోట వెన్నులో క్షయ అన్నారు. ఆమె మాత్రం ముందు గొర్రెల గురించి అడిగింది. పిల్ల అడ్డం తిరిగితే ఉత్త చేతులతోనే లాగుతావా అని. మా మడకశిర పక్క అట్లా లాగనివాడెవడు? గొర్రెల నుంచి, పచ్చిపాల నుంచి అంటుకునే బ్రూసెల్లా జ్వరమని రక్తపరీక్షలో తేలింది. నెలల తరబడి మందులు మింగి నాయన గోడ పట్టుకుని లేచాడు. ఊళ్లో ఇంకొందరికీ అదే జ్వరమని బయటపడింది.

ఆ సంగతంతా ఆమె వ్యాసంగా రాసింది. ఎవరి గురించి రాసిందో వాళ్లకు తెలుగులో చదివి వినిపించకుండా ఏ వ్యాసమూ పంపేది కాదు. “రోగికి చెప్పలేని మాట పత్రికలో ఎట్ల రాస్తా?” అనేది.

బడి వరండాలో చదవడం మొదలుపెట్టింది. ఊరి పేరు వినబడగానే జనం లేచారు. ఇక సంతలో మా గొర్రెను ముట్టుకునేవాడుండడని ఆమె జీపుకు అడ్డం నిలబడ్డారు. నీ కాళ్ల కోసం ఊరి నోట్లో మన్ను కొడతావా అని ఒకాయన నాయన మీదికి వచ్చాడు. పేరు రాస్తే గొర్రెలకు టీకాలు త్వరగా వస్తాయని, రాయకపోతే రేపు ఇంకెవరి కాళ్లో పోతాయని ఆమె చెప్పి చూసింది. చివరికి నాయన వైపు తిరిగింది.

“నువ్వేమంటావన్నా?”

నాయన కర్ర ఊతంగా లేచాడు. “నా జబ్బు రాయమ్మా, నా కాళ్ల సంగతీ రాయి. ఊరి పేరు మాత్రం వద్దు. గొర్రె అమ్ముడుబోకుంటే కాళ్లుండీ ఏం జేసేది?”

కోపం దాచుకోవడం ఆమెకు చేతకాదు, ముఖం నిండా అదే కనబడింది. తర్వాత పెన్ను తీసి అందరి ముందూ ఆ పేరు కొట్టేసింది. “టీకాలు నేను తెప్పిస్తా. ఉత్త చేతుల్తో పిల్లను లాగితే మాత్రం ఊరుకోను,” అంది.

పశువుల ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి తెప్పించింది. వచ్చినప్పుడల్లా గ్లౌజులు పంచేది. ఊరి పేరు లేదని ఒక పెద్ద వైద్య పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపిందని, అది చివరికి ఎవరూ పెద్దగా చదవని పత్రికలో అచ్చయిందని నిన్న ఆమె శిష్యురాలు చెబితేగాని మాకు తెలియలేదు. ఏడుపు ఆగలేదు నాకు.

ఇది రాయబోతూ, ఇప్పుడైనా ఊరి పేరు రాయనా అని నాయనను అడిగాను.

“ఆయమ్మే రాయల్యా, నువ్వు రాస్తావా?” అన్నాడు.

కడిగిన గ్లౌజులను దొడ్డి తడిక మీద ఆరేసి, కొత్తగా పుట్టిన పిల్లను తల్లి దగ్గరికి తోశాడు. గాలికి ఆ గ్లౌజుల వేళ్లు ఉబ్బుతున్నాయి, మళ్లీ ముడుచుకుంటున్నాయి.