కాగితం మీది ఖులా

తిరుపతి కొర్లగుంటలో షహర్‌బాను చీరలకు పికో, ఫాల్ కుడుతుంది. ఎందరి పెళ్ళిచీరలు ఆమె మిషను మీదుగా పోయాయో లెక్కలేదు. ఆమె కాపురం మాత్రం మూడేళ్ళుగా కడప జైలు ములాఖత్ కిటికీ దగ్గర జరుగుతోంది. పదిహేను రోజులకొక మంగళవారం, పావుగంట.

మొగుడు అల్తాఫ్ రేణిగుంటలో సొంత లారీ తోలేవాడు. టమాటా పెట్టెల కింద ఎర్రచందనం దుంగలు దొరికాయి. తెలియక ఎక్కించాడని ఆమె అందరితో అంటుంది గానీ, తెలిసే ఎక్కించాడు, అబద్ధమెందుకు? ఏడేళ్ళు శిక్ష పడింది. లారీకి అప్పిచ్చినవాళ్ళు అతని పేరుమీదున్న రెండు గదుల ఇంటి మీద పడ్డారు.

"విడాకులు తీసుకోమ్మా," అన్నాడు వకీలు పరంధామయ్య. "ఇల్లు నీ పేరుకు రాసేస్తాడు. ఊరికే కాగితం మీదనే. ఆయన బయటికొచ్చినాక మీ కాపురం మీదే."

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. ఆ సామెత షహర్‌బానుకూ తెలుసు. అయినా తలూపింది. ఇల్లు పోతే మిషను ఎక్కడ పెట్టుకోవాలి మరి?

విడాకుల కాగితం రాయాల్సిన ఖాజీ సాబ్ మాత్రం కలం పక్కన పెట్టి ముందే హెచ్చరించాడు.

"ఆడది అడిగి విడిపించుకుంటే ఖులా అంటారు తల్లీ. కాగితం కోసరం ఒకటి, నిజం ఒకటి అని రెండు లేవు. అడిగితే అడిగినట్టే, ఇస్తే ఇచ్చినట్టే."

పెద్దాయన చాదస్తమనుకుంది. జైలుకు పోయి అల్తాఫ్‌కు ఇంటి సంగతంతా చెప్పింది. ఎప్పుడూ ఏదీ చదవని మనిషి ఖాజీ రాసిచ్చిన కాగితం ఆసాంతం చదివాడు.

"నువ్వే అడగతాండావా బానూ?"

"ఊ. నేనే."

"సరే. ఇచ్చినాను," అని సంతకం పెట్టాడు. ఇల్లు నిలిచిందన్న సంతోషంలో ఆమె అతని ముఖం సరిగా చూడనే లేదు.

ఆపై ములాఖత్ మంగళవారం మామూలుగానే బిస్కట్లు, అరటిపళ్ళు తీసుకుని పోయింది. వార్డరు లోపలికి వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు.

"రానంటాండాడమ్మా. నువ్వడిగితే తానిచ్చినాడంట. ఇంక పరాయి ఆడదాన్ని చూడకూడదంట. నిన్ను ఇద్దత్‌లో కూర్చోమన్నాడు. మూడేండ్లు నాకోసరం బస్సుల్లో తిరిగింది సాలు, మంచి మనిషిని సూసుకోమను అన్నాడు."

ఇద్దత్ అంటే విడిపోయిన ఆడది మూడు నెలలు గడప దాటకుండా ఉండే గడువు. షహర్‌బాను కిటికీ ఊచ పట్టుకుంది.

"మళ్ళా నిఖా చేసుకోవచ్చని చెప్పు సార్. ఒక్క మాట."

వార్డరు మంచివాడు, మళ్ళీ వెళ్ళాడు. "ఆ మాట ఎత్తొద్దన్నాడు," అని చెప్పి, పళ్ళ సంచి ఆమె చేతికే ఇచ్చేశాడు.

ఆమెకు కోపమొచ్చింది. అడక్కుండా ఇంత ప్రేమ చూపించమని ఎవరన్నారు ఈయన్ని? బస్సులో తిరుపతి దాకా ఆ కోపమే తోడొచ్చింది. ఇంటి తలుపు తీశాక అదీ లేదు.

కోర్టు పని పూర్తయి ఇల్లు ఆమె పేరుకు వచ్చింది. ఆమె ఇద్దత్‌లో కూర్చుంది; చీరలు వీధిలోవాళ్ళే తెచ్చి, తీసుకుపోతున్నారు. ములాఖత్ మంగళవారం వచ్చింది. తెల్లవారకముందే లేచి, తానం చేసి, బురఖా వేసుకుని, తాళంచెవి అందుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. బురఖా తీయకుండానే మంచం మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా ఏడ్చింది.