సత్యవేణి పిన్ని చెప్పిన దుప్పటి మావయ్య కథ

నిన్న పోస్టులో కొత్త కామిక్ పుస్తకం వచ్చింది. అట్టపెట్టె చించి, అలవాటు కొద్దీ ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నున్నటి కాగితం, రంగుల సిరా కలిసిన ఆ ఘాటు వాసన తగిలితే చాలు, నాకు మస్కట్ గుర్తొస్తుంది. నేనెప్పుడూ మస్కట్ వెళ్ళలేదు. వెళ్ళొచ్చింది మా పక్కింటి సత్యవేణి పిన్ని. నాలాంటి నలభై దాటిన మనిషి, అమలాపురం కోర్టులో టైపు కొట్టుకునే ఆడది, సూపర్‌హీరోల బొమ్మల పుస్తకాలు తెప్పించుకోవడమేమిటని మా ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకి పిన్ని తెలియదు కదా, పాపం.

మాది ఓడలరేవు వెళ్ళే దారిలో చిన్న ఊరు. పిన్ని మాకు చుట్టమేమీ కాదు. మా అమ్మని అక్కా అనేది కాబట్టి నాకు పిన్ని. మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళి నాలుగేళ్ళకి తిరిగొచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టెలు విప్పుతుంటే వీధంతా చేరడం మా దగ్గర మామూలే. సెంటు సీసాలు, తలనొప్పి మందు, పులిబొమ్మ దుప్పట్లు వస్తాయని అందరం మెడలు చాచి చూశాం. ఒక్క దుప్పటి వచ్చింది. ఆ తర్వాత పెద్ద అట్టపెట్టె నిండా బొమ్మల పుస్తకాలు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయి పారేస్తుంటే అడిగి తెచ్చుకుందట. “ఓర్నాయనో! సముద్రం దాటి చిత్తుకాయితాలు మోసుకొచ్చేవా!” అని వాళ్ళత్తగారు నెత్తి కొట్టుకుంది. పిన్ని ఏమీ నొచ్చుకోలేదు. “ఆయ్, చిత్తుకాయితాలేనండీ. పొయ్యిలో మాత్రం పెట్టకండి” అంది.

మధ్యాహ్నం పనులయ్యాక అరుగు మీద కూర్చుని మాకు ఆ పుస్తకాలు చదివి వినిపించేది. చదవడమంటే ఏమిటిలెండి, అక్షరాలన్నీ అరబ్బీ. ఆమెకీ రావు, మాకూ రావు. బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేది. వీపున నీలం బట్ట ఎగరేసుకుంటూ ఆకాశంలో తిరిగే మనిషికి మేము దుప్పటి మావయ్య అని పేరు పెట్టుకున్నాం. మొదటి పేజీలోనే ఊరంతా అతనికి చప్పట్లు కొట్టేది. “ఇంకా ఏమీ చెయ్యకుండానే ఎందుకు పిన్నీ?” అని అడిగితే, “ముందు నాలుగు మంచి మాటలంటేనే గదే ఎవరైనా పని చేసేది?” అనేది. తర్వాత పేజీల్లో కుప్పకూలిన మేడలుండేవి. అతను రాక్షసుడితో పెనుగులాడేకొద్దీ ఆ మేడలు ఒక్కొక్కటే లేచి నిలబడేవి. అన్నీ బాగుచేశాక అతను దుప్పటి విప్పేసి, పేజీపేజీకీ చిన్నవాడైపోయి, ఆసుపత్రిలో ఉన్న తల్లి దగ్గరికి చేరేవాడు. చివరి పేజీలో ఆవిడ మంచం మీంచి లేచొచ్చి, వంటింట్లో వాడికి అన్నం పెట్టేది. అక్కడ పిన్ని గొంతు మారేది. ఆమె మస్కట్‌లో ఉండగానే వాళ్ళమ్మ ఆసుపత్రిలో పోయింది. సెలవు దొరక్క ఆమె రాలేకపోయింది. ఆ సంగతి మాకందరికీ తెలుసు గనక ఆ పేజీ దగ్గర ఎవరం ప్రశ్నలు వేసేవాళ్ళం కాదు.

డిగ్రీ చదివే రోజుల్లో, ఒక స్నేహితురాలి ఇంట్లో అదే కామిక్ ఇంగ్లీషులో కనబడింది. ఎగిరి గంతేసి తెరిచాను. మొదటి పేజీలో తల్లి అన్నం పెడుతోంది. మూడో పేజీలో చచ్చిపోయింది. ఆ దుఃఖంలోంచి వాడు వీరుడయ్యాడు, పోరాడాడు, మేడలు కూలాయి, చివర్లో ఊరు చప్పట్లు కొట్టింది. నా మొహం మాడిపోయింది. అరబ్బీ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి. వాళ్ళ మొదటి అట్ట మనకి చివరి అట్ట. ఇన్నేళ్ళూ మా వీధి పిల్లలందరం కథని వెనక నుంచి ముందుకి విన్నామన్నమాట! నవ్వొచ్చింది గానీ, పిన్నితో చెప్పడానికి నోరు రాలేదు. లేచి కూర్చున్న తల్లిని మళ్ళీ నా చేత్తో చంపినట్టవుతుందనిపించింది. ఏళ్ళ తరబడి ఆ మాట కడుపులోనే పెట్టుకున్నాను.

ఆ తర్వాత సినిమా వచ్చిపడింది. ఆటోలో వెళ్తూ అమలాపురంలో పోస్టరు చూసి పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఓసి బుల్లీ, మన దుప్పటి మావయ్యేనే! ఆదివారం తీసికెళ్ళాలి నన్ను.” టికెట్లు లేవన్నాను, తలనొప్పన్నాను, ఇంగ్లీషు సినిమా అర్థం కాదన్నాను. “తెలుగులోనే మాట్లాడతన్నాడంట, నాకు తెలుసులే” అంది. ఇక తప్పలేదు.

అసలు ఈ సినిమాల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. పుస్తకంలో ఒక బొమ్మ గడికీ ఇంకో గడికీ మధ్య తెల్లటి సందు ఉంటుంది. గుద్దు ఎంత గట్టిగా తగిలిందో, తల్లి ఏమందో ఆ సందులో మనమే ఊహించుకోవాలి. సినిమావాళ్ళు దాన్ని చప్పుడుతో కూరేస్తారు. కావాలంటే పుస్తకం పేజీ వెనక్కి తిప్పుకోవచ్చు, హాల్లో ఎవడు తిప్పనిస్తాడు?

ఆ ఆదివారం మాత్రం ఇవేవీ తలకెక్కలేదు. తెర మీద ఆ తల్లి కనబడింది. పది నిమిషాల్లో ఆవిడ ఆసుపత్రి మంచం మీద కన్నుమూసింది. ఓరకంటితో పిన్ని వైపు చూశాను. చెంగు పిడికిట్లో పట్టుకుని కదలకుండా కూర్చుంది. నేనెంత పాపిష్టిదాన్ని, ఎందుకు తీసుకొచ్చానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కాసేపటికి మేడలు కూలడం మొదలైంది. అద్దాలు పగులుతున్నాయి, జనం ఈలలు వేస్తున్నారు. పిన్ని నా చెవి దగ్గరికి వంగి, “ఈ పెంకులన్నీ ఎవరు ఊడుస్తారే?” అంది. పరాయి ఇల్లు నాలుగేళ్ళు ఊడ్చిన మనిషి తప్ప ఆ ప్రశ్న ఇంకెవరడుగుతారు? ఆఖర్న హీరో మేడ మీద ఒక్కడే నిలబడ్డాడు, లైట్లు వెలిగాయి. “అన్నం తినకుండానే అయిపోయిందేంటి, తిక్క సన్నాసులు” అని లేచింది.

తిరుగు ఆటోలో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. “పిన్నీ, తప్పు సినిమావాళ్ళది కాదు. మనమే పుస్తకం తిరగేసి చదివాం. అరబ్బీ కుడి నుంచి మొదలెట్టాలంట.”

పిన్ని నా వైపు చిత్రంగా చూసింది. “ఆ ఇంట్లో పుస్తకాలు సర్దింది నేనే గదే. ఆ పిల్లలు ఎటునించి తెరిచేవోరో నాకు తెలీదా?”

“మరి మాకలా ఎందుకు చెప్పేవు?”

ఆమె బయటి కొబ్బరితోటల వైపు తిరిగింది. “అమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు ఆ పుస్తకమే నా చేతిలో ఉందే. అటునించి తిప్పితే ఆ తల్లి పోద్ది. ఇటునించి తిప్పితే లేచొచ్చి అన్నం పెడుద్ది. నేను ఇటునించి తిప్పుకున్నాను.” ఆటోలో అందరూ ఉన్నా సిగ్గుపడకుండా ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. నా వీపు నిమురుతూ, “ఊరుకోవే, నవ్వుతారు” అంది.

పిన్ని పోయి ఏడాదవుతోంది. ఆఖరి రోజుల్లో పక్కనే ఉన్నాను, ఆ అదృష్టం నాకు దక్కింది. ఎలా పోయారండీ అని ఎవరైనా పలకరిస్తే దాచకుండా ఆసుపత్రి దగ్గర్నించే మొదలుపెడతాను. అక్కణ్ణించి వెనక్కి, ఒక్కో ఏడూ దాటుకుంటూ వస్తాను. గల్ఫ్ ఊసెవరూ ఎత్తని రోజుల్లో, చంకలో నన్నెత్తుకుని పిన్ని అరుగు మీద కూర్చుంది. నా నోటికి పప్పన్నం ముద్ద అందిస్తోంది. అక్కడ ఆపేస్తాను.