సిక్కితివి సూడు

పుంగనూరు బస్టాండు వెనక వీడియో పార్లర్‌లో బాబు సాహెబ్‌ది విచిత్రమైన ఉద్యోగం. టీవీ పక్కన స్టూలేసుకుని, మైకు పట్టుకుని, ఇంగ్లీషు సినిమాకు తెలుగులో కథ చెప్పాలి. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. రాకపోతేనేం, బొమ్మ కనిపిస్తూనే ఉంది కదా! అమెరికా పోలీసుకు గంగప్ప అని పేరు పెట్టి, చిత్తూరు యాసలో తిట్టించేవాడు. జనం ఈలలు వేసేవారు.

తొంభైల చివర్లో పసిపిల్లలు మనుషుల్ని చంపే సినిమాల మోజు పట్టుకుంది. ఒకదాంట్లో పాలబుగ్గల పిల్ల కూరగాయల కత్తి పట్టుకుని, మంచాల కిందా బీరువాల వెనకా దాక్కున్నవాళ్లను వెతికి వెతికి పొడుస్తుంది. నోరు మాత్రం విప్పదు. మైకు మూగబోతే పార్లర్ యజమాని కృష్ణప్ప ఊరుకుంటాడా?

"ఏదో ఒకటి పలుకప్పా, జనం ఆవలిస్తాండారు" అన్నాడు.

బాబు సాహెబ్ నోటికి ఇంట్లో మాటే వచ్చింది. ఆయన కూతురు షాహిదాకు ఐదేళ్లు. దాగుడుమూతలంటే ప్రాణం. రోజూ పరదా వెనకే దాక్కునేది, కాలివేళ్లు బయటికి కనిపిస్తూనే ఉండేవి. "షాహిదా యాడ పాయెనో, కనపడదే!" అంటూ ఆయన ఇల్లంతా తిరిగేవాడు. ఆగలేక ఆ పిల్లే దూకి, తండ్రి మోకాళ్లు వాటేసుకుని, "సిక్కితివి సూడు!" అని కిసుక్కున నవ్వేది. ఆ మాట, ఆ నవ్వు, ఆ సన్నగొంతు ఉన్నదున్నట్టు మైకులో దించేశాడు. పార్లరంతా హడలిపోయింది.

ఆ తర్వాత ఊరంతా అదే మాట. ఆ గొంతు ఎవరిదో వీధి పిల్లలకు తెలియదా? షాహిదా బయటికొస్తే చాలు, "కత్తిపిల్ల వచ్చెరా!" అని పరుగు. తనతో ఆడుతున్నారనుకుని పాపం ఆ పిల్ల వెంటపడి "సిక్కితివి సూడు!" అనేది. వాళ్లు గుక్కపట్టి ఏడ్చేవారు. తల్లులు వచ్చి తలుపులు వేసుకునేవారు. కొన్నాళ్లకు షాహిదా అరుగు మీద ఒంటరిగా కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఇంట్లో కూడా ఆ మాట మానేసింది.

"మైకులో ఆ మాట వద్దు. బిడ్డ నలిగిపోతాండాది" అంది భార్య మైమూన్ బీ.

"దానికోసమే జనం వస్తాండారు" అని గొణిగాడు ఆయన. చప్పట్ల మత్తు అలాంటిది మరి. మైమూన్ బీ ట్రంకుపెట్టె సర్దుకుని, కూతుర్ని తీసుకుని కుప్పంలో పుట్టింటికి వెళ్లిపోయింది.

తెలుగు మాటలతోనే సీడీలు రావడం మొదలయ్యాక మైకు అవసరం తీరిపోయింది. బాబు సాహెబ్ మదనపల్లె టమోటా మార్కెట్‌లో వేలంపాట అరిచే పనికి కుదిరాడు. పగలంతా వందల మందితో అరుపులు. రాత్రికి పుంగనూరులో ఇంటికొస్తే మాట్లాడటానికి మనిషి లేదు. పరదా ఒక్కటే అలాగే వేలాడుతూ ఉండేది. ఎంత ఒంటరితనమో ఆయనకే తెలుసు. కబుర్లు పంపి పంపి, చివరికి తనే కుప్పం బస్సెక్కాడు.

"బిడ్డ తానే నీ ముందుకొస్తే పిల్చుకోని పో. నేను బలవంతం చెయ్యను" అని మైమూన్ బీ టీ పెట్టడానికి వెళ్లింది.

లోపలి గుమ్మానికి పరదా ఉంది. దాని కింద గోరింటాకు పెట్టుకున్న కాలివేళ్లు. అప్పటికంటే పెద్దవి. బాబు సాహెబ్‌కు ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"షాహిదా యాడ పాయెనో, కనపడదే!"

కాలివేళ్లు కదిలాయి. ఆయన మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డాడు, ఆమె వచ్చి వాటేసుకోవడానికి వీలుగా.

వేళ్లు మెల్లగా వెనక్కి జరిగాయి. లోపలి గదిలో గడియ పడింది.