మూడో వాల్వు

ట్యాంకు కింద గుంతలో మూడు వాల్వులున్నాయి. ఒకటి పెద్దవీధికి, ఒకటి నడివీధికి, మూడోది ఊరవతలి ఎస్సీ కాలనీకి. పంతొమ్మిదేళ్లుగా కొండప్ప తెల్లవారకముందే ఆ గుంతలోకి దిగి, అదే వరుసలో తిప్పుతున్నాడు. ఆ వరుస ఏ కాగితంలోనూ లేదు. ఆయనకు ముందు ఆ పని చేసిన కదిరప్ప చూపించాడు, ఈయన నేర్చుకున్నాడు.

"మూడూ ఒక్కసారి తిప్పితే యాడికీ నీళ్లెక్కవు సామీ," అంటూ, నీళ్ల సంగతి అడగడానికి వెళ్లిన నాకు పుల్లతో నేల మీద గీసి చూపించాడు. మూడోదాని వంతు వచ్చేసరికి ట్యాంకులో అడుగు నీళ్లే మిగులుతాయి. ముదిగుబ్బ వైపు కరువు నేలలో బోర్లు ఎంత పోస్తాయో అందరికీ తెలిసిందే.

కొండప్ప ఇల్లు కూడా కాలనీలోనే. "ఊరంతటికీ నీళ్లిస్తాడు, ఇంట్లో బిందెకు గాలి పోస్తాడు," అని భార్య కృపాకుమారి దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మొన్న మే నెలలో, ఆయనకు పిన్నమ్మ వరసయ్యే ఓబమ్మ చనిపోయింది. శవానికి స్నానం చేయిద్దామంటే కాలనీలో ఏ ఇంట్లోనూ నీళ్లు లేవు. దూరంగా తోటలో ఉన్న బోరు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. అందులో ఒక బిందె మోసింది కొండప్పే.

మర్నాడు ఆయన మూడో వాల్వునే ముందుగా తిప్పాడు.

కాలనీ కుళాయిలు దగ్గి, దగ్గి, ధార కట్టాయి. ఆ వేళప్పుడు బిందెలు పెట్టినవాళ్లు ఎవరూ లేరు. ఎదురింటి కదిరమ్మ, "పైపు పగిలిందో ఏమో చూడండ్రా!" అని కేకలు పెట్టింది. సగం నీళ్లు వీధిపాలే. అది చెప్పేటప్పుడు మాత్రం కొండప్ప కడుపారా నవ్వాడు.

ఏడు గంటలకు పెద్దవీధి ప్రతాప్ ట్యాంకు దగ్గరకు వచ్చాడు. వాళ్ల నాయన కాలం నుంచి ఊళ్లో ఆ ఇంటి మాటే చెల్లుతోంది.

"ఏమప్పా కొండప్పా, నిద్రమత్తులో తిప్పినావా?"

ఔనంటే అక్కడితో పోయేది. అది కొండప్పకూ తెలుసు.

"లేదన్నా, తెలిసే తిప్పినా. ఒకదినం మీకు ముందు, ఒకదినం మాకు ముందు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదన్నా."

ప్రతాప్ తలాడించి వెళ్లిపోయాడు. కొడతారనుకున్నాడు కొండప్ప, పని తీసేస్తారనుకున్నాడు. ఏదీ జరగలేదు. పన్నెండు రోజులు, వంతులవారీగా, కాలనీలో రోజు మార్చి రోజు కుళాయిలు నిండుగా పారాయి.

అప్పుడు వాన పడింది. శనక్కాయ విత్తే పని మొదలైంది. ఏటా కూలోళ్ల కోసం కాలనీలో ఆగే పెద్దవీధి రైతుల ట్రాక్టరు ఈసారి పక్కూరి జనాన్ని ఎక్కించుకుని, కాలనీ ముందునుంచే ఆగకుండా పోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నీళ్ల గురించి మాత్రం పెద్దవీధిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

నాలుగో రోజు ఎనిమిది మంది ఆడవాళ్లు కొండప్ప ఇంటికి వచ్చారు. ముందు నిలబడింది కదిరమ్మ.

"అన్నా, మొదట వాళ్లకే తిప్పు."

"నీళ్లు వస్తాండాయి కదమ్మా?"

"వస్తాండాయి. వట్టి నీళ్లు పొయ్యి మీద పెట్టుకొని ఏం జేసేది?"

"నేను చేసింది తప్పంటావా?"

"తప్పని ఎవురన్నారు? తప్పయితే తిట్టేసి పోదుము. కాదు గాబట్టే, అడగను నోరు రాక మూడుదినాలు తిరిగినాం."



మర్నాడు గుంతలో దిగి, మొదటి వాల్వు మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేసి, చాలాసేపు నిలబడ్డానని చెప్పాడు. పెద్దవీధి నుంచి ఎవరో "కొండప్పా, నీళ్లు!" అని అరిచారు. తిప్పాడు.

ఆ పొద్దునే ట్రాక్టరు కాలనీలో ఆగింది. కదిరమ్మ ఎక్కింది. కృపాకుమారి ఎక్కింది, కుళాయి తిప్పి, కింద బిందె పెట్టి మరీ. ఇప్పటికీ రోజూ పెట్టిపోతుందట.

"వద్దంటే ఇనదు సామీ," అన్నాడు కొండప్ప.

మేము ఆయన ఇంటి ముందు మాట్లాడుకుంటూ ఉండగానే కుళాయి వట్టి గాలితో బుస్సుమనడం మొదలుపెట్టింది. ఆయన లేచి వెళ్లి కట్టేసి వచ్చాడు.