హుసేన్‌బీ బిందె

తొర్రూరు పక్కన ఆ పల్లెల పంటల మీద పడే అడవిపందులను కొట్టెతందుకు లైసెన్సు తుపాకి లియాఖత్ అలీ ఒక్కనికే ఉండె. కొట్టేది ఆయన, వండుకునేది ఊరోళ్లు. ఆయనింట్ల పంది పేరు సుత ఎత్తరు. చేన్ల పడ్డదాన్ని చేన్లనే ఇడిచిపెట్టి, కాళ్లు చేతులు కడుక్కొని ఇంటికి పోయేటోడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన యేడు, కట్టయ్య మక్కచేన్ల ఒక పెద్ద పందిని కొట్టిండు. పడలే. తిరగబడి పక్కన నిలబడ్డ కట్టయ్య తొడ చీరింది. మర్నాడు మట్టిల గుండు దొరికితే లియాఖత్ చూసిండు, పైసబిళ్ల లెక్క సదునైంది. కట్టయ్య దవాఖానకు పోయొచ్చి మంచంల పడ్డడు. పంది మాత్రం రోజూ పొద్దుగూకంగ వస్తనే ఉన్నది. చేను సగం పోయింది.

"సీసం మెత్తన. రాగైతే దిగుతది," అన్నడు లియాఖత్.

ఇంట్ల రాగంటే ఒక్కటే, ఆయన పెండ్లాం హుసేన్‌బీ తల్లి ఇచ్చిన బిందె. ఆ తల్లి కడసారి గొంతు తడుపుకున్నది ఆ బిందెల నీళ్లతోనే.

"పనైనంక గుండు తెచ్చి కరిగిస్త, నీకు ఉంగరం చేపిస్త," అన్నడు.

"ఒట్టేనా, జుబేదా అబ్బా?" అని బిడ్డ పేరు మీద పిలిచి అడిగింది ఆమె.

"ఒట్టు."

కట్టయ్య కాలు యాదికొచ్చి హుసేన్‌బీ బిందె ఇచ్చింది.

సీసం పోసిన అచ్చులనే రాగి కరిగించి పోసిండు. ఎప్పటి తుపాకి మందే, ఎప్పటి కొలతే, ఎప్పటి గుడ్డపేలికే. గట్టు మీద గురికి పాత చాట పెట్టి కాల్చిండు. ఒకటి ఎడమకు పోయింది, ఒకటి మీదికెళ్లి పోయింది, ఒకటి ఎటు పోయిందో అల్లాకే తెలువాలె. మందు ఎక్కువాయెనా అని తగ్గించిండు. ఇంకో దిక్కు పోయింది. గొట్టం కడిగిండు, తుపాకిని తిట్టిండు, తన కండ్లను తిట్టుకున్నడు. "అరె, అన్నీ ఒక్క తీరుగ ఉన్నయి గదా! ఎందుకిట్ల?" ఆయనకు పిచ్చిలేసినంత పనైంది.

మిగిలిన గుండ్లను ఇసుగుతోని హుసేన్‌బీ బియ్యం ఏరే పళ్లెంల పడేసిండు. అవి జర దొర్లి ఆగినయి. ఒకదాన్ని వేలితోని తిప్పిండు. మళ్ల అదే పక్క కిందికొచ్చి ఆగింది. ఉలి తెచ్చి నరికి చూస్తే లోపల పూరీ లెక్క పొంగి ఉన్నది. కరిగినప్పుడు రాగి గాలి మింగింది. బరువు ఒక దిక్కే ఉన్నది, ఇంక సక్కగెట్ల పోతది?

అన్నిటినీ పళ్లెంల దొర్లిచ్చి చూసిండు. ఎటు తిప్పితే అటు ఆగింది ఒక్కటే.

ఆ సాయంత్రం చేన్ల పంది వచ్చింది. లియాఖత్ ఊపిరి బిగబట్టి కాల్చిండు. పంది ఉన్నకాడనే కూలింది. ఊరోళ్లు ఉరికొచ్చిండ్రు. ఆయన మాత్రం కాళ్లు కడుక్కోకుండ అట్లనే నిలబడ్డడు. అప్పుడు గాని ఆయనకు సమజు కాలే. గుండు పంది లోపల ఉన్నది! ఉంగరమా? అత్త బిందెనా? ఇన్ని దినాలు మందు గురించి, కొలత గురించి ఆలోచించిండు గని, ఈ ముచ్చట ఒక్కసారి తట్టలే.

తెల్లారి కట్టయ్య పెండ్లాం మొగిలమ్మ, పందిని కోసినప్పుడు దొరికిన గుండును చింతపండు పెట్టి తోమి, బంగారం లెక్క మెరుస్తాంటే దోసిట్ల పట్టుకొని వచ్చింది. "మీ అమ్మ బిందెదట గద అక్కా, పట్టు," అన్నది. గడప బయటనే నిలబడ్డది.

హుసేన్‌బీ చెయ్యి సగం లేపింది. మళ్ల దించింది. మొగుని దిక్కు చూసింది.

"లోపటికి తెచ్చుకోలేను మొగిలీ," అన్నది హుసేన్‌బీ, కండ్లల్ల నీళ్లతోని. "పారేసుకోను సుత లేను. తమ్ముడు కట్టయ్య మొలతాడుకు కట్టు. లేచి నడిచినప్పుడు ఈ గడప ముంగటికెళ్లే పొమ్మను. నేను చూస్త."